శకుంతలమ్మ షెడ్డులో మూడో భాగస్వామి

పుత్తూరులో శకుంతలమ్మ, మోహన కలిసి యూనిఫాంలు కుట్టే షెడ్డు నడుపుతున్నారు. కత్తెర శకుంతలమ్మది, బయట తిరిగే పని మోహనది. బోర్డు మీద "శకుంతల, మోహన అండ్ కో" అని ఉంటుంది. ఆ "కో" ఎవరని అడిగితే శకుంతలమ్మ తిరుమల కొండ వైపు చెయ్యి చూపిస్తుంది. నిజంగానే అంటుంది. ఒకే మిషన్‌తో మొదలుపెట్టిన రోజుల్లో అలిపిరి దగ్గర నిలబడి, ఈ పని నిలబడితే నువ్వూ భాగస్తుడివే స్వామీ అని మొక్కుకుంది. పని నిలబడింది. అప్పట్నుంచి ఏటా లాభంలో కొంత హుండీకి చేరుతూనే ఉంది.

ఈ ఏడాది శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ తన పనివాళ్ళందరి యూనిఫాంలూ వీళ్ళకే ఇస్తానంది. భాగస్వామ్య సంస్థగా రిజిస్టర్ అయి ఉండాలంది, అంతే. అది వీళ్ళకీ మంచిదే. రిజిస్టర్ కాని సంస్థ, అవతలివాళ్ళు ఒప్పందం తప్పినా కోర్టులో దావా వేయలేదు. అంతవరకూ ఇద్దరి మధ్యా నోటిమాటే. శకుంతలమ్మ దగ్గరుండి ఒప్పందం టైప్ చేయించింది. అందులో మూడో భాగస్వామి శ్రీ వేంకటేశ్వర స్వామి, నివాసం తిరుమల.

రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కాగితాలు వెనక్కి వచ్చాయి. మూడో భాగస్వామి సంతకం, ఆధార్ కాపీ జతచేయాలట.

"ఆయన పేరు తీసేద్దామక్కా. ఆర్డరు పోతే మనల్ని నమ్ముకుని మిషన్లు కుట్టే ఆడోళ్ళు ఏమైపోవాల?" అంది మోహన.

"మొక్కి, ఇప్పుడు కొట్టేసేదా? నా సేత్తో నేను కొట్టనుమే."

రెండు రోజులు ఇద్దరూ పట్టు వదల్లేదు. చివరికి మోహనే ఆమెను లాయర్ బాలసుబ్రమణ్యం దగ్గరికి తీసుకెళ్ళింది.

"భాగస్వామి అంటే ఏమనుకుంటా ఉండావమ్మా?" అన్నాడాయన.

"లాభంలో వాటా ఉండేటోళ్ళు సార్."

"అది సగమే. నష్టమొస్తే అదీ మోయాల. ఒకరు సంస్థ పేరుమీద సంతకం పెడితే అందరూ కట్టుబడాల. రేపు మోహన పాడుగుడ్డ కొని ఆర్డరు చెడగొట్టిందనుకో, నీ లెక్కన స్వామికీ నోటీసు పోవాల."

"మాటవరసకి కూడా నా పేరేనా సార్?" అంది మోహన.

శకుంతలమ్మ నవ్వలేదు. "మా తప్పుకి ఆయనకి నోటీసా?" అంది మెల్లగా.

"అందుకే సెప్తా ఉండా. లాభంలో కొంత ఇచ్చినంత మాత్రాన ఎవరూ భాగస్వామి అయిపోరు. భాగస్వాములు మీరిద్దరే. మీరు పంచుకునేదానికి ముందే పదో వంతు హుండీకి అని షరతు రాస్తా. మీలో ఒకరు వద్దనుకున్నా, రెండోవాళ్ళు ఒప్పుకోకుండా అది మారదు."

"నష్టమొస్తే ఆయన్నెవరూ అడగరు కదా?"

"అడగరు. మిమ్మల్నే అడుగుతారు. షెడ్డు చాలకపోతే మీ సొంత ఆస్తి దాకా వస్తారు."

"వస్తే రానీండి సార్. ఆయన మీద పడకుంటే సాలు," అని శకుంతలమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "పెన్ను యాడుండాది?"

ఈసారి కాగితాలు తిరిగి రాలేదు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే ఇద్దరూ శ్రీ సిటీ వెళ్ళి ఒప్పందం చేసుకొచ్చారు. తిరుగు బస్సు సత్యవేడు దాటకముందే శకుంతలమ్మ గాఢంగా నిద్రపోయింది. పుత్తూరులో మోహన తట్టి లేపాల్సి వచ్చింది.