మిషనక్క బ్రూడర్

మెడలో కొలతల టేపు లేకుండా మిషనక్కను చూసినవాళ్లు ఆ వీధిలో ఎవరూ లేరు. పాల కోసం వచ్చినా మెడలో టేపే, ఆసుపత్రికి పోయినా టేపే. అలాంటి మనిషి ముందుగదిలో ఇన్నేళ్లుగా కుట్టుమిషన్ ఉన్న చోటు ఖాళీ చేసి, ఎవరో పారేసిన వాషింగ్ మిషన్ అట్టపెట్టె తెచ్చి, దాన్ని నాలుగు పక్కలా కొలుస్తుంటే ఎదురింటి ఇస్త్రీ ఆయన ఊరుకుంటాడా? చేతిలో పని అక్కడే వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటక్కా, కోడిపిల్లలకు చొక్కాలు కుడతావా?"

"ముందు నీ నోటికి కుట్లు వేస్తా. మాటలాపి ఆ అంచు పట్టుకో."

తల్లికోడి లేని పిల్లల్ని వెచ్చగా పెంచే బ్రూడర్ పెట్టె అది. దాని మూలలు ఆమెకు నచ్చలేదు. చలేస్తే పిల్లలు మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయని, అడుగున పడ్డవి ఊపిరాడక పోతాయని దాణా కొట్టు ఆయన చెప్పాడు. అందుకని అట్టముక్కలు వంచి మూలల్ని గుండ్రంగా తిప్పి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో అట్టను అట్టకు కుట్టేసింది. ఆ కుట్టు చూసి ఇస్త్రీ ఆయన నోరు మూతపడింది. అడుగున చెక్కపొట్టు పరిచి, పిల్లల కాళ్లు జారకుండా దాని మీద గరుకు గుడ్డ బిగించింది. నీళ్లపళ్లెంలో గోలీలు పోసింది, లేకపోతే తాగబోయి అందులోనే మునిగిపోతాయట.

ఇక బల్బులు. ఒకటి చాలన్నాడు ఇస్త్రీ ఆయన.

"ఆ ఒక్కటీ మాడిపోతే? నువ్వొచ్చి వాటి మీద ఇస్త్రీపెట్టె పెడతావా?"

రెండు బల్బులనూ పాత అల్యూమినియం మూత కింద కట్టి, ఆ మూతను తాడుతో పైనుంచి వేలాడదీసింది. తాడు పొడవునా వరసగా కర్టెన్ రింగులు కుట్టింది. గోడకున్న మేకుకు ఒక రింగు తీసి ఇంకో రింగు తగిలిస్తే బల్బులు కొంచెం లేస్తాయి, లేదా కొంచెం దిగుతాయి. పిల్లలు రావడానికి ముందురోజే వెలిగించి, గంటగంటకూ పెట్టెలో చెయ్యి పెట్టి చూసుకుంది. అవి వచ్చేసరికి చెక్కపొట్టు అడుగుదాకా వెచ్చబడాలి మరి.

ఇంత ఆరాటం దేనికంటే, మిషనక్క కళ్లు దెబ్బతింటున్నాయి. కొన్నాళ్లుగా సూదిలోకి దారం ఎక్కడం లేదు. ఎదురింటి ఆయన్నో, దారిన పోయే పిల్లల్నో పిలిచి ఎక్కించుకుంటోంది. కుట్టు వంకర పోతే బట్టల కొట్టువాళ్లు మొహం మీదే అనేస్తున్నారు. భర్త పోయిన దగ్గర్నుంచీ ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికిన మనిషి ఆమె. ఈ కళ్లు పూర్తిగా పోయేలోగా కళ్లతో పనిలేని బతుకుతెరువు ఒకటి చూసుకోవాలి. పెట్టలైతే గంప కింద చెయ్యి పెట్టి తడిమినా గుడ్డు చేతికి తగులుతుంది.

ఆ దారి చూపించింది తమ్ముడే. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. వాడిప్పుడు ఊరికి ఆ చివర, గుడ్లు పొదిగించే హేచరీలో పనిచేస్తున్నాడు. పొద్దస్తమానం అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన పిల్లల రెక్కలు విప్పి చూడటం, పెట్టల్ని ఒక డబ్బాలో, పుంజుల్ని ఇంకో డబ్బాలో వేయడం, ఇదే వాడి పని.

"ఈకల పొడుగు చూస్తే ఇట్టే తెలిసిపోతుందక్కా. పనివాళ్లకు ఒక డబ్బా పెట్టపిల్లలు ఇస్తారు. నా వంతు నీకు తెస్తా. ఒక్కొక్కదాన్నీ చూసి ఏరి మరీ తెస్తా," అన్నాడు. వెళ్లబోతూ, "నీ మరదలు కుట్టు నేర్చుకుంటానంటోంది. మిషన్ నీకెలాగూ పనికిరాదు కదా," అన్నాడు.

అడగాల్సింది ఎంత మెత్తగా అడిగాడో చూశారా! మోటారు బిగించిన మిషన్ అది. పోయినాయన మోజుపడి కొనిపెట్టింది. బయటికి వెళ్లినప్పుడల్లా ఇంకెవరూ దాన్ని ముట్టకుండా బాబిన్ కేసు ఊడదీసి కొంగున ముడేసుకునేది మిషనక్క. వయసులో ఉండగా కుట్టు షెడ్డులో పనిచేసిన ఆడవాళ్లందరికీ ఉండే అలవాటే అది. అడుగుదారం కండె పెట్టే ఆ చిన్న గిన్నె లేకపోతే మిషన్ ఉత్త ఇనపముక్క. అలాంటిది ఆ బాబిన్ కేసును ముడి విప్పి మరదలి అరచేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా," అంది. ఇంటికి వస్తూ దారిలో బేకరీలో ఆగి, పెట్టలు గుడ్లకు రాగానే గుడ్లన్నీ మీకేనని మాటిచ్చి మరీ వచ్చింది.

తమ్ముడు డబ్బా తెచ్చిన పూట ఆమె అన్నం కూడా మరిచిపోయింది. ఒక్కో పిల్లనూ గుప్పిట్లోకి తీసుకుని, ముక్కు నీళ్లలో ముంచి, గుటక వేసిందో లేదో చూసి బల్బు కింద వదిలింది. మొదట అన్నీ వెలుగు కిందికి చేరి గుట్టగా పడ్డాయి, కీచుమని ఒకటే గోల. ఒక రింగు దించింది. కాసేపటికి గోడల వైపు పారిపోయి నోళ్లు తెరిచాయి. అర రింగు ఎత్తుదామంటే అర రింగు లేదాయె, అప్పటికప్పుడు మధ్యలో ఇంకోటి కుట్టి ఎత్తింది. అప్పుడు పెట్టెనిండా చల్లినట్టు సర్దుకుని, చిన్నగా కబుర్లు మొదలుపెట్టాయి. అవి ఆమె చూపుకు సరిగ్గా ఆనకపోయినా ఆ చప్పుడు బాగా తెలిసింది. కీచుమంటే చలి, చప్పుడు ఆగిపోతే ఉక్క, గుసగుసలాడితే సుఖం. ఆ గుసగుసలు వింటూ ఆమె పెట్టె పక్కనే చాప వేసుకుని పడుకుంది, ఎన్నాళ్లకో గుండె నిండుగా అనిపించింది.

రోజూ సాయంత్రం తమ్ముడు ఫోన్ చేసేవాడు.

"అక్కా, ఇవాళ బల్బు ఏ రింగులో పెట్టావ్? దాణాలో ఏం కలిపావ్? మూలల్ని ఎలా కుట్టావో ఇంకోసారి చెప్పు."

వాడికి ఏరడం తెలుసు కానీ పెంచడం తెలియదు. తను పెంచేవాటి మీద వాడికెంత ధ్యాసో అని ఆమె మురిసిపోయి, గుండీ కుట్టడం నేర్పినంత ఓపిగ్గా అన్నీ చెప్పేది. ఫోన్ పెట్టేశాక ఇస్త్రీ ఆయనతో గొప్పలు పోయేది కూడా. "మా వాడికి నా మీద బెంగ!"

పిల్లలకు ఈకలు వచ్చాయి, బల్బుల అవసరం తీరింది. ఆ తర్వాత నెత్తిన తురాయిలు ఎర్రబడటం మొదలైంది. ఒకదానికి ముందొచ్చిందిలే అనుకుంది. తర్వాత ఇంకోదానికి. ఒక ఉదయం వాటిలో ఒకటి గోడెక్కి, గొంతు పగిలినా వెనక్కి తగ్గకుండా కూత పెట్టింది. వీధంతా నవ్వింది.

"అక్కా, నీ పెట్ట పాటగత్తె!" అన్నాడు ఇస్త్రీ ఆయన.

వారం తిరక్కుండా అన్నీ కూశాయి. మచ్చుకు ఒక్క పెట్ట లేదు.

తమ్ముడు ఉన్నపళంగా వచ్చాడు, తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. "డబ్బా మారిపోయిందక్కా. నేను ఏరి పక్కన పెట్టింది ఎవడో ఎత్తుకుపోయాడు. నా ఖర్మ!" కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. ఆ కళ్లనీళ్లు తుడిచింది మిషనక్కే. తనకు పోయిన బతుకుతెరువు సంగతి పక్కనపెట్టి, "పోన్లేరా, నువ్వు మాత్రం ఏం చేస్తావ్," అని కాఫీ ఇచ్చి పంపింది. వీధిలో ఎవరైనా వంకరగా మాట్లాడితే ఇంతెత్తున లేచేది. "డబ్బా మారింది. మా వాడి తప్పేం లేదు," అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పింది.

పుంజుల్ని ఒక్కొక్కటిగా వదిలించుకుంది. మిషన్ తిరిగి ఇమ్మని అడగడానికి నోరు రాలేదు. ఒక బట్టల కొట్టులో కూర్చుని చేత్తో గుండీలు కుట్టే పని ఒప్పుకుంది. అదీ ఆ కళ్లతోనే, సాయంత్రానికి తల బద్దలయ్యేది. బేకరీ ఉన్న వీధిలోంచి పోవాలంటే మొహం చెల్లక చుట్టూ తిరిగి పోయేది.

చివరికి ఒకరోజు, మాట తప్పినందుకు బేకరీ ఆయనకో మాట చెప్పి రావాలని ధైర్యం చేసి అక్కడికి వెళ్లింది. ఈమె నోరు తెరిచేలోగానే ఆయన ఎదురొచ్చాడు.

"రండి రండి. మీ గుడ్లు మహా బాగున్నాయండీ. మీ తమ్ముడు పొద్దున్నే తెచ్చిచ్చిపోతున్నాడు. అక్క కళ్లు బాలేవు, అందుకే నేను తెస్తున్నానన్నాడు."

మిషనక్క అక్కణ్నుంచే తమ్ముడి ఇంటికి బయల్దేరింది. ఎలా బస్సెక్కిందో, ఎలా దిగిందో ఆమెకే తెలియదు.

తమ్ముడి ఇంటి వెనక వరండాలో కోళ్లు తిరుగుతున్నాయి. తెల్లటి పెట్టలు, అన్నీ పెట్టలే. పక్కన ఒక అట్టపెట్టె, గుండ్రటి మూలలు, దబ్బనం కుట్లు, పైన మూత కింద రెండు బల్బులు, తాడుకు కర్టెన్ రింగులు. మధ్యలో అర రింగు కూడా ఉంది. నీళ్లపళ్లెంలో గోలీలు. పెట్టెలో అప్పుడే తెచ్చిన కొత్త పిల్లలు.

"వచ్చారా వదినా!" అంటూ మరదలు నవ్వుతూ ఎదురొచ్చింది. "అంతా మీరు చెప్పినట్టే కట్టారు మీ తమ్ముడు, చూశారా? అయినా మీరు పుంజులే ఎందుకు కావాలన్నారు వదినా? గుడ్ల గొడవ నావల్ల కాదు, మాంసానికి అమ్ముకుంటానన్నారట కదా?"

ఆ అమ్మాయి మొహంలో కల్లాకపటం లేదు. వెనకే వచ్చిన తమ్ముడి మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"డబ్బా మారిందన్నావు కదరా," అంది మిషనక్క.

వాడు నేల చూపులు చూశాడు. "వంతు ఒకటే అక్కా. నాకూ సంసారముంది. పుంజుల్ని వాళ్లెలాగూ పారేస్తారు, అందుకని… నేను తేకపోతే అవి చచ్చిపోయేవే. బతికించానుగా."

"బతికించింది నేను."

పెట్టెలో కీచుమని గోల లేచింది. కొత్త పిల్లలు బల్బు కింద గుట్టగా పడుతున్నాయి. ఆమె చెయ్యి దానంతటదే వెళ్లి తాడును ఒక రింగు దించింది. గోల మెల్లగా సర్దుమణిగింది. చెయ్యి తీయకుండానే ఆమె అడిగింది.

"సగం పెట్టలు, సగం పుంజులు కలిపి ఇచ్చినా నాకేం తెలిసేదిరా? నా అదృష్టం ఇంతే అనుకుని సంతోషంగా ఉండేదాన్ని. కళ్లు మూసుకుని గుప్పెడు తీసి వేసినా నాకో నాలుగు పెట్టలు వచ్చేవి. ఒక్కటంటే ఒక్కటి నావైపు రాకుండా, ప్రతి రెక్కా విప్పి చూసి మరీ వేశావు కదూ?"

ఆమె తాడు వదిలి ఇంట్లోకి నడిచింది.

ముందుగదిలో మిషన్ కిటికీ పక్కన ఉంది, సూది కింద సగం కుట్టిన గుడ్డ. మిషనక్క చూపు ఆనకపోయినా వేళ్లకు దారి తెలుసు. వంగి, అడుగున చిన్న రేకు జరిపి, బాబిన్ కేసు ఊడదీసింది.

"అది ఏ కొట్లోనైనా దొరుకుతుంది కదక్కా," అన్నాడు తమ్ముడు, ఇంకేమనాలో తోచక.

"దొరుకుతుంది. కొనుక్కో. నమ్మి ఇచ్చింది మాత్రం నేను పట్టుకుపోతున్నా."

కొంగున ముడేసుకుని బయటికి నడిచింది. మరదలు ఏడుస్తూ వదినా వదినా అని గేటుదాకా వచ్చింది. ఆ పిల్ల తల నిమిరింది గానీ వెనక్కి మాత్రం తిరగలేదు.

బస్సు దిగి వీధిలోకి వచ్చేసరికి ఇస్త్రీ ఆయన బట్టలు మడతపెడుతున్నాడు. ఆమె వాలకం చూసి పని ఆపాడు.

"తమ్ముడింటికి వెళ్లొచ్చావా అక్కా? ఏమన్నాడు, ఆ మారిన డబ్బా ఎవరి దగ్గరుందో తెలిసిందా?"

ఇన్నాళ్లూ ఆ మాట వినగానే తమ్ముణ్ణి వెనకేసుకొచ్చిన మనిషి, ఇప్పుడు కొంగు ముడి గట్టిగా పట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

"డబ్బా మారలేదు," అంది.