అమ్మ చేతికి పట్టని తొడుగులు

హార్డ్‌వేర్ షాపులో కొత్త రబ్బరు చేతి తొడుగుల వాసన తగలగానే ధర్మవరం, అమ్మ చేతులు గుర్తొచ్చాయి.

అమ్మ పట్టునూలుకు రంగులద్దేది. వేడి రంగునీళ్లలో నానీ నానీ ఆమె చేతులు పగిలిపోయేవి. రైల్వే షెడ్డులో పనిచేసే నాయన గుడ్డ తొడుగులు తెచ్చాడు. అవి వేడినీళ్లు పీల్చుకుని చేతులను ఇంకా కాల్చాయి. తోలువి తెస్తే తడిసి, ఎండి, చెక్కల్లా బిగుసుకుపోయాయి. చివరికి బెంగళూరు నుంచి రబ్బరువి తెప్పించాడు.

"ఇయ్యైతే నీళ్లు దిగవు. ఏసుకో," అన్నాడు.

అమ్మ దూర్చబోయి ఆగిపోయింది. "యాడ పడతాయి? నా వేళ్లు కొంకర్లు పోయి సాగేటట్ల లేవు."

నచ్చలేదేమోననుకుని, వాటిని నేనే తొడుక్కుని సంబరంగా చప్పట్లు కొట్టాను. నాయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మ వట్టి చేతులతోనే మళ్లీ రంగునీళ్ల దగ్గరికి వెళ్లింది.

ఆ చేతులు ఇక బాగుపడవని ఆ ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే.