డ్యూటీలో ఉన్నవాడి రొట్టె

షట్టరింగ్ మేస్త్రీ రాజన్న గత శుక్రవారం ఉదయం మస్కట్‌లో, వాడి కబీర్ పేటలోని మా గదిలో, ఉతికిన చొక్కా ఆరేస్తూ గుండె ఆగి కన్నుమూశాడు. పని మీద ఘుబ్రా వెళ్లిన నాకు ఆ దుర్వార్త ఫోన్లో చేరింది. నమ్మలేకపోయాను. పక్క దుకాణానికి వెళ్లినా నలుగురికీ చెప్పి వెళ్లే మనిషి, ఇంత దూరప్రయాణానికి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

జగిత్యాల నుంచి వచ్చిన ఈ సహృదయుడు మా మెస్‌లో ఒక ఆచారాన్ని నెలకొల్పాడు. ముందు భోజనానికి కూర్చున్నవాడు, డ్యూటీ నుంచి ఇంకా రానివాడి రొట్టె తీసి పక్కన పెట్టాలి. "కడుపుకు షిఫ్టులుండయి తమ్మీ" అనేవాడు. ఆయన సూక్తులన్నీ ఇంచుమించు భోజనానికి సంబంధించినవే.

మా గదిలోనే ఉండే క్రేన్ ఆపరేటర్ జోగీందర్‌ది అమృత్‌సర్ దగ్గరి పల్లె. పాత కంపెనీతో కాగితాల పేచీ తెగక ఏడేళ్లుగా ఒమన్ దాటలేదు. తల్లి అంత్యక్రియలకూ వెళ్లలేకపోయాడు. ఆమె పేరున స్వర్ణమందిరంలో ఒకసారి తల వంచాలన్నదే ఆయనకు మిగిలిన కోరిక. నిరుడు సెలవుకు బయల్దేరుతూ, తిరిగొచ్చేటప్పుడు ఆయన బదులు తాను వెళ్లి తల వంచితే చెల్లుతుందా అని రాజన్న అడిగాడు:

"వాపస్ ఆతే వఖ్త్ మై జాతూఁ సర్దార్జీ. తుమారే బదల్ మేరా సర్ చల్తా నా?"

జోగీందర్ నవ్వలేదు. రాజన్న చేతులు రెండింటినీ పట్టుకున్నాడు.

అప్పుడు నాకూ సెలవే. బోర్డులు చదవడానికి పనికొస్తానని రాజన్న నన్ను అమృత్‌సర్‌కు వెంట తీసుకెళ్లాడు. పట్టభద్రుడినైన నా మార్గదర్శకత్వంలో ఢిల్లీలో మొదటి రైలు తప్పిపోయింది. రెండోదాన్ని రాజన్న పోర్టర్లను అడిగి పట్టుకున్నాడు. దారి పొడవునా పొగమంచే. పంజాబ్ చూశానని చెప్పడానికి నా దగ్గర ఆధారాల్లేవు.

స్వర్ణమందిరం సరోవరం ఒడ్డున, తలకు గుడ్డ కట్టుకుని, నుదురు నేలకు ఆనించిన రాజన్న ఎంతకీ లేవలేదు. నేను భుజం తట్టాను.

"ఇద్దరి మొక్కు తమ్మీ. జల్ది అయితదా?"

తరువాత లంగర్‌లో, అందరికీ ఉచితంగా వడ్డించే భోజనశాలలో, పంక్తిలో కూర్చున్నాం. అక్కడి ప్రసాదం అక్కడే తినాలి. రాజన్న అలవాటు చొప్పున ఒక రొట్టె తీసి సంచిలో పెట్టాడు. వడ్డిస్తున్న వృద్ధ సర్దార్ ఆగిపోయాడు.

"యే కిస్‌కా?"

"హమారా ఆద్మీ డ్యూటీ పే హై."

"కహాఁ?"

"మస్కట్."

నేను గుమ్మం ఎటుందో చూసుకున్నాను. ఆ వృద్ధుడు మాత్రం క్షణం ఆలోచించి, మరో రొట్టె రాజన్న దోసిట్లో పెట్టాడు.

మస్కట్ చేరేసరికి అవి పలకల్లా గట్టిపడ్డాయి. "చాయ్ మే డుబావో సర్దార్జీ, దాంత్ గిర్ జాతే" అన్నాడు రాజన్న. జోగీందర్ ముక్కలు చేసి గదిలో అందరికీ పంచాడు. తన ముక్కను చాయ్‌లో ముంచవలసిన అవసరం ఆయనకు రాలేదు, కళ్లనీళ్లకే తడిసింది.

ఆదివారం రాజన్న శవపేటిక హైదరాబాద్ విమానం ఎక్కింది. జోగీందర్ విమానాశ్రయం గుమ్మం దాకా వచ్చాడు. ఆపై అడుగుకు ఆయన కాగితాలు ఒప్పుకోవు. ఈసారి ఆయన బదులు వెళ్లి తల వంచి రాగలవాడు పెట్టెలోనే ఉన్నాడు.

తిరిగొచ్చి మెస్‌లో కూర్చున్నాం. జోగీందర్ ఒక రొట్టె తీసి పక్కన పెట్టాడు. ఎవరిదని వంటవాడు అడిగాడు.

"రాజన్న డ్యూటీ పే హై."



రాజన్నా, షట్టరింగ్‌కు కంపెనీ మరో మేస్త్రీని తెస్తుంది. ఇంకొకడి తల్లి కోసం అంతసేపు నేలకు వంగే తలను ఎక్కడి నుంచి తెస్తుంది? నీ రొట్టె మీద మూత పెట్టాం.