అలవాట్లేమీ లేవు సార్

మేడ్చల్‌లో ఇంటర్ రెండో సంవత్సరం. ఫిబ్రవరిలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్. పిప్పెట్ పట్టుకుంటే చెయ్యి వణికి, ఫ్లాస్కులో పడాల్సింది పక్కవాడి రికార్డు మీద పడింది. "పరీక్షంటే గంత భయమా?" అన్నారు లెక్చరర్. భయపడేంత చదివితే కదా! అప్పటికి రెండు రోజులుగా నిద్ర లేదు, ఒళ్లంతా చెమట. గోడ మీద చీమలు బారులు తీరి కనిపించేవి. ఇంట్లో నాయనమ్మను, అదే మా అవ్వను, అడిగితే చీమలే లేవంది. ల్యాబ్ దాటి మెట్ల మీద పడిపోయాను. కళ్లు తెరిచేసరికి నోట్లో నురగ, చేతిలో ఎవరిదో తాళాల గుత్తి, చుట్టూ సగం కాలేజీ. అంతమంది నన్ను పట్టించుకోవడం అదే మొదలు.

"ఫిట్స్" అని నగరంలోని పెద్దాసుపత్రికి పంపారు. సీటీ స్కాన్ నార్మల్. ఈఈజీ నార్మల్. డ్యూటీ డాక్టర్ అడిగారు: "మందు, సిగరెట్, గంజాయి... అలవాట్లేమైనా ఉన్నాయా?"

"అలవాట్లేమీ లేవు సార్," అన్నాను.

"మా పోరడు బంగారం సార్. చాయ్ గూడ తాగడు," అన్నాడు బాపు.

ఇద్దరిలో ఎవరమూ అబద్ధం చెప్పలేదు. నమ్మే చెప్పాం.

"ఎపిలెప్సీ అయ్యుండొచ్చు. ఏళ్ల తరబడి మాత్రలు వాడాలి," అన్నారు. నా పెళ్లి ఎలా అవుతుందని అమ్మ ఏడ్చింది. ఇంటర్ ఎలా అవుతుందో తెలియని వాడికి పెళ్లి బెంగ!

సాయంత్రం వార్డులోనే రెండోసారి ఫిట్స్ వచ్చింది. నాలుక తెగింది. సెలైన్ మారుస్తూ నర్సు అడిగింది: "ఏ ఊరు మీది?"

"అత్వెల్లి," అన్నాడు బాపు.

"అక్కడ కల్లు దుకాణం నడుస్తాందా?"

"లేదమ్మా. నాలుగు దినాలైంది, సర్కారోళ్లొచ్చి సీలేసిన్రు."

"బాబు తాగుతడా?"

"కల్లా? తాగుతడు. అందరం తాగుతం. పొద్దుమూకినంక రెండు సీసలు, గంతే."

"ఎప్పటి సంది?"

దీనికి అవ్వ గర్వంగా జవాబు చెప్పింది: "పండ్లొచ్చేటప్పటి సంది బిడ్డా! ఏడుస్తాంటే వేలు ముంచి నేనే నాకిచ్చిన. సక్కగ పండెటోడు."

నర్సు పరుగున వెళ్లి డాక్టర్‌ను తీసుకొచ్చింది.

"అలవాట్లు లేవన్నారు కదా?" అని ఆయన కసిరారు.

"కల్లు అలవాటెట్లయితది సార్? కల్లు కల్లే గద!" అన్నాడు బాపు.

"మీ ఊళ్లో చెట్లెన్ని, అమ్మే సీసాలెన్ని? మీరు తాగేది చెట్టు కల్లు కాదయ్యా. డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన నీళ్లు. ఒక్కసారిగా ఆగిపోయింది కాబట్టి ఇవి విత్‌డ్రాయల్ సీజర్స్, అంటే అలవాటైన మత్తు ఆగితే వచ్చే ఫిట్స్."

కెమిస్ట్రీలో నాకు నోరు తిరగని పేర్లు రోజూ నా గొంతు దిగుతున్నాయన్నమాట. అవ్వ తన వేలిని చూసుకుంది.

చికిత్స ఏమిటంటే, ఆ డైజిపామే మాత్రగా ఇచ్చి వారం వారం తగ్గించడం. బాగానే తగ్గింది. ఈలోగా దుకాణం మళ్లీ తెరిచారు. షామీర్‌పేటలో మా మామ కొడుకు పుట్టువెంట్రుకలు. "ఒక్క సీసకు ఏమైతదిరా? తాగకుంటే మమ్మల్ని తక్కువ జేసినట్టే," అన్నాడు మామ. ఆయన మర్యాద కాపాడాను. ఆ ఒక్కటీ బాపు పక్కన మళ్లీ రోజూ రెండైంది; ఆపబోతే మళ్లీ ఫిట్స్, నెల తిరక్కుండా నేను మళ్లీ వార్డులో ఉన్నాను. "సుట్టపుసూపుకొచ్చినవా?" అంది నర్సు. నవ్వలేకపోయాను. డాక్టర్ ఈసారి బాపునూ కూర్చోబెట్టి, ఇద్దరికీ కలిపి మాత్రలు రాశారు. అది పనిచేసింది.

ఇక నా కోపం సంగతి. ఎనిమిదో తరగతిలో మా బడికి మాదకద్రవ్యాల మీద అవగాహన సదస్సు వచ్చింది. పోస్టర్ల నిండా సూదులు, పుర్రెలు, ఏదో నగరపు పొడుగు జుట్టు కుర్రాడు. వ్యాసరచనలో నాకే మొదటి బహుమతి, ఒక స్టీలు గిన్నె. ఆ సంతోషంలో బాపు ఆ సాయంత్రం నాకో సీసా ఎక్కువ ఇప్పించాడు. వచ్చిన పెద్దమనుషుల్లో ఒక్కరైనా "మీ ఇళ్లలో ఏం తాగుతారు?" అని అడిగి ఉంటే బడి బడంతా చెయ్యెత్తేది. అడగలేదు. పుర్రె బొమ్మ చూపించి, ఉప్మా తిని వెళ్లిపోయారు.

సీలు వేసినవాళ్లకు సీసాలు పగలగొట్టడం వచ్చు. మర్నాటి నుంచి తాగేవాళ్లు ఏమవుతారో తెలుసుకోవడం రాదు. ఆ జీపులో ఒక డాక్టర్‌ను కూర్చోబెట్టుకొస్తే టైర్లు అరిగిపోయేవా? ఆ వారమే మా పక్కింటి రాములమ్మ పెద్దమ్మ వణికి, వణికి చచ్చిపోయింది. ఎండదెబ్బ అని రాశారు. ఫిబ్రవరిలో ఎండదెబ్బ! దీని మీద నా దగ్గర జోకు లేదు.

ఇప్పుడు మేడ్చల్‌లో మోటార్లు వైండింగ్ చేస్తున్నాను. చెయ్యి వణికితే తీగ తెగే పని. వణకడం లేదు. చదివేవాళ్లకు ఒకటే మాట: ఆసుపత్రిలో అలవాట్లు అడిగితే కల్లు పేరు ముందు చెప్పండి, ఎన్ని సీసాలో, ఎప్పటినుంచో కూడా. మానాలనుకుంటే సొంతంగా ఒక్కరోజులో ఆపకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లి మెల్లగా తగ్గించుకోండి.

మా అక్క పాపకు పళ్లొస్తున్నాయి. మొన్న ఒకటే ఏడుపు. "గీ పోరికి ఏం నాకియ్యాలెరా మరి?" అంది అవ్వ, రెండు చేతులూ కొంగులో దాచుకుని.

"ఏం వద్దవ్వా. ఏడ్వనియ్యి."

గంటసేపు ఏడ్చింది. మా ఇంట్లో ఆ వయసులో అంతసేపు ఏడ్వగలిగిన మొదటి మనిషి అదే. అవ్వ దాన్ని భుజాన వేసుకుని, వాకిట్లో తిరుగుతూనే ఉంది.