కంట్లో తెల్ల చుక్క

మా మామ పని బాగా చేస్తే ఎవరికీ కనబడదు. కనబడిందంటే చెడగొట్టినట్టు లెక్క. ఆయన గాజు కళ్ళు చేస్తాడు. పేరుకే గాజు, నిజానికి పళ్ళ సెట్లకి వాడే ప్లాస్టిక్కే. కన్ను పోయినవాళ్ళు కంటి ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ పట్టుకుని, వెనక సందులో మేడమీద ఉన్న ఆయన గదికి వస్తారు. వాళ్ళని కిటికీ పక్కన స్టూలు మీద కూచోబెట్టి, మిగిలిన కన్ను చూస్తూ దానికి జోడు వేస్తాడు. నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు గీతలు, వాటి మధ్య ఎక్కడో ఒక తేనెరంగు మచ్చ. తెల్లగుడ్డు మీద నరాల కోసం ఎర్ర పట్టుదారాన్ని పోగులు పోగులుగా విడదీసి అంటిస్తాడు. దాని మీద అద్దంలాంటి పొర పోసి, తిరిగే చక్రం మీద నునుపు చేస్తాడు. అయ్యాక ఆ మనిషి అద్దంలో చూసుకుని మెట్లు దిగి జనంలో కలిసిపోతాడు. అంతే. వెనక్కి తిరిగి ఎవరూ చూడరు.

చుట్టాలు ఆయన్ని కళ్ళ డాక్టరు అంటారు. గౌరవంతో కాదు. "మావాడు కళ్ళు చేస్తాడు గానీ చూపు చెయ్యలేడు" అని మా అమ్మ, అంటే ఆయన సొంత అక్క, పెళ్ళిళ్ళలో నలుగుర్నీ నవ్విస్తుంది. మామ కూడా నవ్వుతాడు. ఆ నవ్వు నాకెప్పుడూ నచ్చలేదు.

ఒకసారి నా స్కూటర్ మీద పోతుంటే వెనక కూచున్న మామ తనే మాట అందుకున్నాడు. "బోర్డులు రాసేవాడి పని వీధిలో పోయేవాడు చూస్తాడు. మీ అత్త చొక్కా సరిచేసి ఇస్తే ఎక్కడ కుట్టించావని అడుగుతారు. నా పని చూసి ఎవడన్నా ఆగాడంటే అవతలివాడి కొంప మునిగినట్టే. ఒక్కసారి చాలురా. నేను వేసినదాని ముందు నలుగురు నిలబడి చూడాలి. తర్వాత పోయినా ఫరవాలేదు."

"పోవడమెందుకు మామా, నిలబెట్టి చూడు ముందు" అన్నాను.

అందుకే ఆయనకి బస్టు బొమ్మల పిచ్చి. రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పోసిన బొమ్మలు పోస్టులో వస్తాయి. తల, మెడ, భుజాలు, అక్కడితో సరి. మొత్తం కలిపి అరచేతిలో ఇముడుతుంది. వచ్చేటప్పుడు సబ్బుబిళ్ళలా ఉంటుంది. మామ దాన్ని కడిగి, అతుకులు గరుకు కాగితంతో రుద్ది, ఖాళీ మందు సీసా మీద అంటించి, సీసా మెడ పట్టుకుని నెలల తరబడి రంగు వేస్తాడు. బుగ్గ మీద ఎరుపు కావాలంటే పైన ఎరుపు పూయడు. ముందు ఎరుపు వేసి దాని మీద చర్మం రంగు నీళ్ళలా పలచగా కప్పుతాడు. "నెత్తురు తోలు కింద ఉంటుంది, పైన కాదు" అంటాడు. అద్దాలు బిగించిన బాల్కనీలో ఆయన బల్ల. దాని వెనకే అత్త కుట్టుమిషను. ఉన్న ఒక్క మంచి వెలుతురునీ ఇద్దరూ చెరో వైపు నుంచి వాడుకుంటారు. పిల్లలు లేరు. వీపుకి వీపు పెట్టుకుని ఆదివారాలు గడిపేస్తారు.

ఏడాదికోసారి బొమ్మల క్లబ్బువాళ్ళు ఒక స్కూలు హాల్లో పోటీ పెడతారు. నల్లగుడ్డ పరిచిన బల్లలు, బొమ్మ ముందు పేరు లేకుండా నంబరు చీటీ, నడుం వంచి చేతులు వెనక్కి కట్టుకుని తిరిగే జడ్జీలు. ఒక్కొక్కడి జేబులో పెన్నంత టార్చిలైటు. నేను కాలేజీ మానేసినప్పటి నుంచి మామని తీసుకెళ్ళే పని నాకు పడింది. చదువుకునేవాడికి ఆదివారం తీరిక ఉండదట, మానేసినవాడికి వారమంతా ఆదివారమేనట. కొరియర్ బస్తాలు మోసేవాడికి ఆదివారం ఎంత అపురూపమో వీళ్ళకేం తెలుసు.

ఏటా ఒకటే కథ. మామ బొమ్మ మూల బల్ల మీద ఉంటుంది. జడ్జీలు వస్తారు, టార్చి వేస్తారు, తల ఊపుతారు, పక్కదానికి పోతారు. బ్యాంకు క్యాషియరు ఒకాయన వేసిన సిపాయి ముందు తోపులాట. మామ బొమ్మ ముందు గాలి. చివర్లో జడ్జీలు చీటీ మీద ఒక ముక్క రాసిస్తారు. ఏటా దాదాపు ఒకటే ముక్క: చర్మం అద్భుతం, ముఖంలో జీవం లేదు.

మొహమాటం లేకుండా చెప్తాను. వాళ్ళు రాసింది నిజం. దగ్గరికి తెచ్చుకుని చూస్తే మామ వేసిన కళ్ళంత నిజమైన కళ్ళు ఇంకెవరూ వెయ్యలేరు. గీతలుంటాయి, నరాలుంటాయి, కింది రెప్ప లోపలి తడి గులాబీరంగు ఉంటుంది. రెండడుగుల దూరం నుంచి చూస్తే మాత్రం గుడ్డి. ఎందుకంటే మిగతావాళ్ళంతా నల్లగుడ్డు మీద పక్కగా ఒక తెల్ల చుక్క పెడతారు. కంట్లో దీపం మెరిసినట్టు. సూదిమొనంత చుక్క. అది పడగానే బొమ్మ లేచి కూచుంటుంది. మామ పెట్టడు.

"పెట్టెయ్యండీ, పోయేదేముంది" అని అత్త ఏటా అనేది. మిషను ఆపకుండానే.

"వెలుగు బయట్నుంచి వచ్చి పడాలి. నేను పెడితే అది వెలుగెలా అవుతుంది?"

"బొమ్మకి బయట్నుంచి వచ్చే వెలుగు చాలదని పక్కవాళ్ళందరికీ తెలిసింది, మీకు తప్ప."

"వాళ్ళెవరూ కళ్ళు చెయ్యరు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అయితే ఈ కుందేలు వెనక ఒక పిల్ల ఉంది. మామ పని నేర్చుకున్న కొత్తల్లో, కాలేజీకి వెళ్ళే అమ్మాయి ఒకతె కన్ను చేయించుకోవడానికి వచ్చిందట. చురుగ్గా, అందంగా ఉండాలని మామ ఆ కంట్లో చిన్న తెల్ల చుక్క పెట్టాడు. కిటికీ దగ్గర అద్దంలో చూసుకుని ఆ అమ్మాయి మురిసిపోయింది. బయటికెళ్ళాక తెలిసింది. చెట్టు నీడలో నిలబడితే ఒక కంట్లో వెలుగు ఆరిపోయేది, రెండోది వెలుగుతూనే ఉండేది. బస్సులో, చీకటి మెట్ల మీద, ఎక్కడైనా అంతే. కాలేజీలో ఆ పిల్లకి బల్బు అని పేరు పెట్టారు. పరీక్షల ముందే కాలేజీ మానేసింది. వాళ్ళ నాన్న ఆ కన్నుని రుమాల్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది ఆర్పడం కుదురుతుందా బాబూ" అని అడిగాడట. మామ కొత్త కన్ను చేసి ఇచ్చాడు. అయినా ఆ పిల్ల మళ్ళీ కాలేజీ గుమ్మం తొక్కలేదు. ఆ తర్వాత ఆయన ఏ కంట్లోనూ చుక్క పెట్టలేదు, మనిషికైనా బొమ్మకైనా.

ఈ సంగతి అత్తకీ తెలుసు.

నేను చెప్పబోయే ఏడాది ఆయన ఒక ముసలమ్మని వేశాడు. తలకి గుడ్డ చుట్టుకుని, ఎవర్నో కేక వెయ్యబోతున్నట్టు నోరు కొద్దిగా తెరిచి, పక్కకి తిరిగిన తల. ముక్కు పక్క ముడతల్లో ఆకుపచ్చ ఛాయ కలిపాడు. కింది పెదవి ఎండి పగిలినట్టు వేశాడు. అంతకుముందు ఆయన వేసిన బొమ్మలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. చెవి వెనక చర్మం మీదే వారాలు పట్టింది. అక్కడ ఎవడు చూస్తాడంటే, "చూస్తే?" అన్నాడు.

పోటీ రోజు పొద్దున నేను వెళ్ళేసరికి ఆయన స్నానానికి వెళ్ళాడు. పెట్టె అప్పటికే కట్టేసి ఉంది. దూదితో నింపి, పురికొస చుట్టి. అత్త నాకు టీ ఇచ్చి, "జాగ్రత్త, గుంతల్లో పోనివ్వకు" అంది. అంతకుమించి మాట్లాడలేదు. మామూలుగా అయితే ఆ పాటికి నా ఉద్యోగం గురించి, నా జుట్టు గురించి, మా అమ్మ ఏడుపు గురించి వరసగా దులిపేసేది.

హాల్లో మామ పెట్టె విప్పడు. కళ్ళజోడు తీసేసి, పెట్టె నాకిచ్చి, "నువ్వు పెట్టెయ్" అంటాడు. ఏటా ఓడిపోయి ఓడిపోయి ఆయనకి వచ్చిన అలవాటు అది. నేను ముసలమ్మని నల్లగుడ్డ మీద పెట్టి నంబరు చీటీ ఆనించాను. నాకు కొత్తగా ఏమీ కనబడలేదు. బొమ్మ బాగుంది అనుకున్నాను, అంతే.

గంట గడిచాక మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర ఉన్న మామ దగ్గరికి వెళ్ళాను. "మామా, నీ ముసలమ్మ దగ్గర జనం."

"ఎవరిదో అయ్యుంటుంది. సరిగ్గా చూడు."

"నంబరు నేనే పెట్టాను. పద."

నిజంగానే జనం. క్యాషియరు ఉన్నాడు, ఆయన పెళ్ళాం ఉంది, ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసేవాళ్ళు ఉన్నారు. ఒక పెద్దావిడ పక్కనున్న కూతురితో, "అచ్చం మా అత్తలా చూస్తోందే, ఏమన్నా అంటుందేమోనని భయంగా ఉంది" అంటోంది. మామ వెనకే ఆగిపోయాడు. ముందుకి పోలేదు. చొక్కా చివరతో కళ్ళజోడు తుడుచుకుంటూ చాలాసేపు వాళ్ళ వీపుల్నే చూశాడు. ఆ నిమిషంలో ఆయన మొహం ఎలా ఉందో, అలా నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

జనం కాస్త పలచబడ్డాక దగ్గరికి వెళ్ళి వంగాడు. వంగినవాడు లేవలేదు. నేనూ వంగి చూశాను. ముసలమ్మ రెండు కళ్ళలోనూ తెల్ల చుక్కలు.

"నువ్వా?" అన్నాడు.

"నాకు చొక్కా గుండీ పెట్టుకోవడమే రాదు, నేనా?"

"అవున్లే" అన్నాడు. "ఇది బ్రష్షు పని కాదు. సూదితో పెట్టింది."

జడ్జీల్లో పెద్దాయన ఒకడు, గడ్డం జడ్జి అంటారు, మామ భుజం మీద చెయ్యి వేశాడు. "మీదేనటగా ఇది. ఇన్నేళ్ళూ గుడ్డివాళ్ళని తెచ్చారు. ఈసారి చూసే మనిషిని తెచ్చారు."

"ఆ చుక్కలు నావి కావండీ."

"మరి ఎవరివి?"

"మా ఆవిడవి."

గడ్డం జడ్జి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా ఇంట్లోనూ అంతేనండీ. చాకిరీ మనది, సంతకం ఆవిడది. వెళ్ళండి, పిలుస్తారు, స్టేజీ దగ్గర ఉండండి."

"నిజంగా చెబుతున్నాను."

"నేనూ నిజంగానే చెబుతున్నాను" అంటూ జడ్జి వెళ్ళిపోయాడు.

వెండి మెడల్ వచ్చింది. మామ స్టేజీ ఎక్కి తీసుకున్నాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఇంటిదాకా స్కూటర్ మీద నా వెనక పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు.

అత్త తలుపు తీసి ముందు మామ చేతుల వంక చూసింది. "వచ్చిందా?"

"నువ్వే పెట్టావా?"

"నేనే పెట్టాను. వచ్చిందా లేదా?"

"ఆ పిల్ల సంగతి తెలిసి కూడా పెట్టావా?"

"తెలుసు. ఈ ముసలమ్మ కాలేజీకి పోదు. బస్సెక్కదు. దీన్ని ఎవడూ ఏడిపించడు. దీపం కింద కూచునే బొమ్మండీ ఇది."

"అడగాలిగా."

"పెళ్ళయినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. మీరు ఓడిపోయి వచ్చిన ప్రతిసారీ వారం రోజులు నోట్లోంచి మాట రాదు. అన్నం పెడితే తింటారు, లేకపోతే లేదు. ఆ వారం ఎవరు పడ్డారు? జడ్జీలు పడ్డారా, ముసలమ్మ పడిందా?"

మామ పెట్టె విప్పి ముసలమ్మని బల్ల మీద పెట్టాడు. సన్న బ్రష్షు తీసి, నల్లరంగు కలిపి, కుడి కంటి దాకా తీసుకెళ్ళాడు. అత్త చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. బ్రష్షు చివర రంగు ఎండిపోయేదాకా ఆయన చెయ్యి అక్కడే ఉంది. తర్వాత బ్రష్షు కడిగేసుకున్నాడు.

"జనం నిలబడ్డారు" అన్నాడు, నాతోనో తనతోనో.

తర్వాతి ఏడాది బొమ్మకి తనే చుక్క పెట్టాడు. బల్ల దగ్గర కూచుని, హాల్లో దీపాలు ఎక్కడెక్కడ ఉంటాయో కాగితం మీద గీసుకుని, వాటి వెలుగు నిజంగా కంట్లో ఎక్కడ పడుతుందో లెక్కగట్టి, ఎంత తెలుపు ఉంటుందో అంతే కలిపి పెట్టాడు. బూడిద రంగులో పలచగా వచ్చింది. బొమ్మ మంచి వయసులో ఉన్న సిపాయి. చుట్టూ చేరిన జనంలో ఒకడు, "పాపం, శుక్లాలు" అన్నాడు. అందరూ నవ్వారు. మామ పక్కనే ఉన్నాడు. ఈసారి జడ్జీలు చర్మం గురించి కూడా ఏమీ రాయలేదు.

ఆ వారం ఆయన మాట్లాడలేదు. అత్తా మాట్లాడలేదు.

ఇప్పుడు షోకేసులో మెడల్స్ వరసగా వేలాడుతున్నాయి. వెండి ఉంది, బంగారం ఉంది, క్లబ్బువాళ్ళు ఇచ్చిన శాలువా కూడా ఉంది. మా అమ్మ చుట్టాలందర్నీ తీసుకొచ్చి చూపిస్తుంది. "మా తమ్ముడి చెయ్యి చూడండి. ఆ కళ్ళు చూడండి, ఇటు నడిస్తే ఇటు చూస్తాయి."

"కళ్ళు నేను పెట్టలేదక్కా. మీ మరదలు పెట్టింది" అంటాడు మామ.

ఇంట్లో నవ్వులే నవ్వులు. పెళ్ళానికి భలే భయపడతాడు మా బావ అని ఒకరు, పొగడ్త కూడా పంచి ఇస్తాడు మంచివాడు అని ఒకరు. అత్త వంటింట్లోంచి బయటికి రాదు. ఆయన ఆ ముక్క ఎప్పుడూ మెల్లగా, ఒకే గొంతుతో అంటాడు. నవ్వులాటకి అనడం లేదని నాకూ అత్తకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

మొన్న పోటీ ముందురోజు నేను వెళ్ళేసరికి మామ బయట మెట్ల మీద కూచుని ఉన్నాడు. లోపలికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. తలుపు ఓరగా ఉంది. అత్త ఆయన బల్ల దగ్గర, ఆయన కుర్చీలో కూచుని, కళ్ళజోడు ముక్కు చివరికి జరుపుకుని, సూది మొనని తెల్లరంగులో ముంచుతోంది.

"అయిందా?" అన్నాడు మామ, ఇటు తిరిగే.

"కుడిది అయింది. ఎడమది ఉంది. వెలుగు ఎటు నుంచి?"

"నీ ఇష్టం" అన్నాడు.