కండక్టర్ బాబాయ్ నవ్వించిన మధ్యాహ్నం

ఆ కుటుంబంలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన కండక్టర్ బాబాయే. సిటీ బస్సులో జనాన్ని తోసుకుంటూ జీవితం గడిపిన మనిషి. రిటైరయ్యాక కూడా నోరు ఊరుకోలేదు. నలుగురు కనబడితే చాలు, లేచి నిలబడి కబుర్లు మొదలుపెట్టేవాడు.

అందుకే ఎవరి పెళ్ళయినా ఆయనకొక పని ఉండేది. పెళ్ళి మధ్యాహ్నానికి అయిపోతుంది, రిసెప్షన్ సాయంత్రం గానీ మొదలవదు. దూరం నుంచి వచ్చినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి రాలేరు. భోజనాలయ్యాక కొత్త బట్టల్లో ఉక్కిరిబిక్కిరవుతూ, ఒకరి మొహాలొకరు చూసుకుంటూ కూర్చుంటారు. ఎవరో ఒకరు పాత గొడవ ఒకటి తవ్వుతారు. సరిగ్గా అప్పుడు బాబాయ్ రంగంలోకి దిగేవాడు. సాయంత్రం దాకా నవ్వి నవ్వి, కడుపు పట్టుకుని రిసెప్షన్‌కి లేచేవాళ్ళు.

ఆయన భార్యది మాట తక్కువ. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి, ఊరందరి మాటలూ విని అలసిపోయానని అనేది. ఆయనకి ఏదో అవుతోందని ముందు కనిపెట్టింది ఆవిడే. సబ్బు కొనడానికి వెళ్ళిన మనిషి పక్కవీధిలో ఎవరి గుమ్మంలోనో నిలబడి, తమ ఇంటి తాళంచెవి వాళ్ళ తాళంలో తిప్పుతున్నాడు. డాక్టరు దాచకుండా చెప్పాడు.

"ఇది తగ్గే జబ్బు కాదమ్మా. ఇంకా పెరుగుతుంది."

బయటికి వచ్చాక ఆయన ఒకటే అడిగాడు. "అన్నయ్య వాళ్ళకి చెప్పకు. వాళ్ళు నన్ను జాలిగా చూస్తే తట్టుకోలేను."

సరేనంది. ఆ మాట ఇచ్చినందుకు తర్వాత చాలా బాధపడింది.

అన్నగారి కూతురి పెళ్ళికి వెళ్ళక తప్పలేదు. పెళ్ళి అవగానే తలనొప్పి వంకతో ఆయన్ని ఇంటికి తీసుకుపోవాలని ఆవిడ లెక్క. కానీ మెట్ల దగ్గరే ఆ అన్నగారు, ఆవిడకి బావగారు, పట్టుకున్నాడు.

"ఏంట్రా, జారుకుంటున్నావా? కింద హాల్లో కుర్చీలు మారుస్తున్నారు. మగపెళ్ళివారందరినీ పైన గదిలో కూర్చోబెట్టాను. ఇప్పటికే వియ్యంకుడు మొహం గంటు పెట్టుకున్నాడు. ఇంక నీదే భారం."

"బావగారూ, ఆయనకి ఒంట్లో బాగోలేదు," అంది ఆవిడ.

"ఓ రెండు కథలు చెబితే అదే బాగవుతుందమ్మా!" అని బావగారు తమ్ముడి భుజమ్మీద చెయ్యేసి లాక్కుపోయాడు. ఆయన మొహం వెలిగిపోవడం చూసి ఆవిడ వెనకే మెట్లెక్కింది.

పైన పొడుగాటి గది. రెండు వరసల కుర్చీలు, మధ్యలో సన్నటి దారి. ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నా ఎవరికీ గాలి తగలడం లేదు. బాబాయ్ ఆ దారిలో నిలబడి అద్దం కథ ఎత్తుకున్నాడు.

"ఓసారి ఒకావిడ నిలువుటద్దం కొనుక్కుని బస్సెక్కింది. సీటుకి ఆనించింది. వెనకే ఒక తాగుబోతు ఎక్కాడు. అద్దంలో తన్ను చూసుకుని, జరగండి సార్, అన్నాడు. జరగడే! దండం పెట్టాడు. వాడూ పెట్టాడు గానీ జరగడు. తిట్టాడు. వాడూ నోరు తెరిచాడు. నేను వెళ్ళి, ఏమయ్యా, మీ ఇద్దరికీ టిక్కెట్టు తీసుకో, అన్నాను. దానికి వాడేమన్నాడో తెలుసా? వీడితో నాకేం సంబంధం లేదండీ, మొహం చూస్తేనే తెలుస్తోంది, తాగి ఉన్నాడు!"

గది గొల్లుమంది. వియ్యంకుడు కూడా మీసం చాటున నవ్వాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య ఊపిరి పీల్చుకుంది. ఈ ఒక్క పూట గడిచిపోతుందేమో అనుకుంది.

"ఓసారి ఒకావిడ," అన్నాడు బాబాయ్, "నిలువుటద్దం కొనుక్కుని బస్సెక్కింది."

ఇదేదో కొత్త తమాషా అనుకుని జనం ముందే నవ్వడం మొదలెట్టారు. ఆయన అదే కథ, అవే మాటలతో, మొదటిసారి చెబుతున్నంత హుషారుగా చెప్పాడు. ముందుకన్నా ఎక్కువ నవ్వారు. మూడోసారి ఎత్తుకున్నాడు. అద్దం సీటుకి ఆనించేదాకా వచ్చి ఆగిపోయాడు. తర్వాతి మాట దొరకలేదు. అటూ ఇటూ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళని చూశాడు. మొహంలో రంగు మారింది.

"ఇంకా ఎవరన్నా టిక్కెట్టు తీసుకోవాలా?" అన్నాడు.

పొట్టలు పట్టుకున్నారు. వియ్యపురాలు చెయ్యి చాపి, "మాకో రెండివ్వండి అన్నయ్యగారూ," అంది. ఆయన నడుము దగ్గర తడుముకున్నాడు. జేబులు తడుముకున్నాడు.

"నా సంచి ఏదీ? నా సంచి ఎవరు తీశారు?"

ఎంత బాగా నటిస్తున్నాడో చూడమని ఒకరినొకరు తట్టుకుంటున్నారు. భార్య కుర్చీల మధ్య నుంచి గబగబా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి చల్లగా, చెమటతో తడిసి ఉంది.

ఆయన ఆవిడ మొహంలోకి చూసి మర్యాదగా అడిగాడు. "మీరెక్కడ దిగాలమ్మా?"

అంత పెద్ద నవ్వు ఆయన జీవితంలో ఎప్పుడూ తెప్పించి ఉండడు. ఎవరో కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఇక్కడే," అంది ఆవిడ. "ఇద్దరం ఇక్కడే దిగాలి. రండి."

చప్పట్ల మధ్య ఆయన్ని బయటికి నడిపించుకొచ్చింది.

చేతులు కడుక్కునే చోట బావగారు ఎదురయ్యాడు. ఇంక దాచలేక ఆవిడ చెప్పేసింది. డాక్టరు మాటతో సహా అంతా చెప్పింది. బావగారు పకపకా నవ్వాడు.

"నిన్ను కూడా నమ్మించాడా వాడు! పిచ్చిదానివమ్మా నువ్వు. వియ్యంకుడు తన చిన్నకొడుకు పెళ్ళికి కూడా వీడే కావాలంటున్నాడు."

"నవ్వకండి బావగారూ."

"సరే, సరే," అని, రిసెప్షన్ అయ్యేదాకా కదలొద్దని చెప్పి నవ్వుతూనే వెళ్ళిపోయాడు.

రిసెప్షన్‌లో ఆవిడ ఆయన్ని ఓ మూల కూర్చోబెట్టి పక్కనే ఉంది. పెళ్ళికూతురు వేదిక దిగి వచ్చి, "బాబాయ్, పైన అదరగొట్టేశావట! నాకూ ఒకటి చెప్పు," అని మోకాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన ఆ పిల్లని చాలాసేపు చూసి, "ఎవరి పెళ్ళమ్మా ఇది?" అన్నాడు. పిల్ల నవ్వింది. తర్వాత ఆయన కళ్ళు చూసింది. నవ్వు ఆగిపోయింది. పిన్ని వైపు తిరిగింది. పిన్ని తల దించుకుంది. అంతలో ఫోటోలకి పిలిచారు, వెళ్ళక తప్పలేదు.

ఏడాది తిరక్కుండా అందరికీ తెలిసిపోయింది. బావగారు వచ్చి గుమ్మంలోనే ఏడ్చాడు. ఆ రోజు నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "ఏదీ, ఆ అద్దం కథ చెప్పు," అని అడిగి చూసేవాళ్ళు. చెబితే బాగవుతుందన్నట్టు. ఆయన వాళ్ళ నోళ్ళ వంక చూస్తూ, ఏదో తప్పు చేసినవాడిలా చేతులు నలుపుకునేవాడు. వాళ్ళు వెళ్ళాక అన్నం ముట్టేవాడు కాదు.

ఇంక ఆవిడ తలుపు తియ్యడం మానేసింది. తలుపు తట్టిన చప్పుడు వినగానే ఆయన ఉలిక్కిపడి, చొక్కా సర్దుకుంటూ లేచేవాడు.

"ఎవరూ లేరు, కూర్చోండి," అనేది.

ఆయన కూర్చునేవాడు.