సొంత ఇల్లు: లేదు

మొదటిసారి ఇంటి స్థలం కొనబోయేవాళ్లు ఇప్పటికీ నా దగ్గరికి సలహాకి వస్తుంటారు. నేను వకీలును కాను. చదివింది తొమ్మిదో తరగతి. భద్రాచలంలో గిరిజన బాలికల హాస్టల్లో వంటమనిషిగా చేశాను. మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక, సాయంత్రం పొయ్యి వెలిగించే లోపు రెండు గంటల ఖాళీ దొరికేది. ఆ రెండు గంటలూ శాఖా గ్రంథాలయంలోనే ఉండేదాన్ని. కథల పుస్తకాలు అయిపోయాక వైద్యం పుస్తకాలు, అవీ అయిపోయాక చట్టాలు. ఆస్తి అమ్మకాలు, కొనుగోళ్ల గురించి తెలుగులో ఉన్న ఒక లావుపాటి పుస్తకాన్ని రెండు వేసవుల్లో పూర్తి చేశాను. నాకంటే ముందు దాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదని లైబ్రేరియన్ గారు అన్నారు. ఆ మాట హాస్టల్లో కనీసం పదిమందికి చెప్పి ఉంటాను.

వచ్చినవాళ్లకు నేను చెప్పేవి పెద్ద విషయాలేమీ కావు. స్థలాన్ని వానాకాలంలో చూడండి, ఎండాకాలంలో ప్రతి స్థలమూ బాగానే ఉంటుంది. గోదావరి ఒడ్డు ఊరైతే ఆ వీధిలో పాత గోడల్ని చూడండి, వరద నీళ్లు ఎంతదాకా నిలిచాయో గోడే చెబుతుంది. బోరులో నీళ్లు ఏ నెలలో అడుగంటుతాయో అమ్మేవాణ్ని కాదు, పక్కింటావిడను అడగండి. ఈ స్థలం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పాత దస్తావేజులన్నీ వరుసగా తెప్పించుకోండి. ఒకటి తక్కువైనా బయానా ఇవ్వకండి. ఇవి కొన్ని పుస్తకాల్లో చదివినవి, కొన్ని చెప్పులు అరిగేలా తిరిగి తెలుసుకున్నవి. చివర ఇంకొకటి కూడా చెబుతాను. అది నేను నేర్చుకున్న తీరు వేరు.

మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో భద్రాచలంలోనే ఐదు కిరాయి ఇళ్లు మారాం. ఒక్కో ఇంటికి ఒక్కో షరతు ఉండేది కానీ, గోడకు మేకు కొట్టకూడదన్న షరతు మాత్రం అన్ని ఇళ్లకూ ఉండేది. ఒక ఇంటావిడ ప్రతి నెలా వచ్చి గోడల్ని అరచేత్తో తడిమి చూసుకుని వెళ్లేది. క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడదీసేవాళ్లం. నా పుస్తకాలకు ఒక అర కూడా బిగించుకోలేక బియ్యం సంచుల్లో కట్టి మంచం కిందకు తోసేదాన్ని. పుస్తకాలు గోడ మీద, కంటికి ఎదురుగా ఉండే ఇల్లు కావాలని నా కోరిక.

ఇల్లు మారిన ప్రతిసారీ ఆ సంచులు మోసింది నాతో పాటు హాస్టల్లో వంటచేసే కోయ అమ్మాయి. నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అనేది. వాళ్ల గూడెం దుమ్ముగూడెం వైపు, బస్సు దిగి రెండు మైళ్లు నడవాలి. వారానికొకసారి ఇంటికి వెళ్లొచ్చేది. సంచి నెత్తిన పెట్టుకుని, ఇన్ని కాగితాలు తినేదానికి పనికొస్తయా అక్కా అని నవ్వేది. హాస్టల్లో అందరి దరఖాస్తులూ నేనే నింపేదాన్ని. నా అక్షరం గుండ్రంగా ఉంటుందని నాకూ గర్వమే. ఒక ఏడాది సర్కారు పక్కా ఇళ్లకు పేర్లు రాసుకుంటున్నారంటే తన ఫారం కూడా వంటగదిలో, ఉల్లిపాయల బుట్ట మీద పెట్టి నేనే నింపాను. తను వేలిముద్ర వేసింది.

ఆ తర్వాతి ఏడాది మా ఐదో ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. అప్పుడే హాస్టల్ వెనక వీధిలో రెండు గదుల రేకుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. పెరట్లో జామచెట్టు. ముందు గదిలో ఒక గోడ మొత్తం ఖాళీగా, నా పుస్తకాల కోసమే కట్టినట్టు ఉంది.

భద్రాచలం ఏజెన్సీ ప్రాంతం. వన్ ఆఫ్ సెవెంటీ అని అందరూ పిలిచే చట్టం ప్రకారం అక్కడి భూమిని గానీ ఇంటిని గానీ గిరిజనులు కానివాళ్లు కొనకూడదు. అది నాకు పేజీతో సహా తెలుసు. మధ్యవర్తి మాత్రం చాలా తేలిగ్గా చెప్పాడు: నమ్మకమైన కోయ మనిషి పేరున కాగితం రాయించుకోవాలి, మనం కాపురం ఉండాలి, ఊళ్లో సగం మంది చేసేది అదే. మా ఆయన నా వైపు చూసి, “నీ పుస్తకం ఏమంటది? ఊరంతా ఉంటుండ్రు గద, మనకే ఏంది?” అన్నాడు.

చట్టం దాన్నీ ఒప్పుకోదని పుస్తకంలో ఉంది. అయినా నేను మళ్లీ లైబ్రరీకి వెళ్లి, ఎలాగైనా పుస్తకం చేత ‘సరే’ అనిపించాలని చూశాను. నమ్మకమైన కోయ మనిషంటే మాకు తెలిసింది నాతో వంటచేసే ఆ అమ్మాయే. తను రేపు మాట మారిస్తే? ఆమె అన్నదమ్ములు అడ్డం తిరిగితే? ఎవరైనా ఫిర్యాదు చేస్తే? నోటుబుక్కులో పేజీన్నర ప్రశ్నలు రాసుకున్నాను. ఆ పేజీన్నరలో ప్రతి ప్రశ్నా మాకేమవుతుందన్నదే.

వంకాయలు తరుగుతున్నప్పుడు తనను అడిగాను. తను కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. “పెట్టుకో అక్కా నా పేరు” అంది. అంతే. ఆ రోజు వంకాయ కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

తన రేషన్ కార్డు నకలు కావాలన్నాడు మధ్యవర్తి. కార్డు వాళ్ల ఇంట్లో ఉంది. ఆదివారం తనూ నేనూ కలిసి వాళ్ల గూడేనికి వెళ్లాం. మా ఆయన డ్యూటీ ఆ దారిలోనే, ఆయన బస్సులోనే. అడవి దారిలో తునికాకు కట్టలు ఆరబెట్టి ఉన్నాయి. వాళ్ల ఇల్లు వెదురు తడికెల మీద మట్టి మెత్తినది, పైన గడ్డి. తను కార్డు వెతకడానికి లోపలికి వెళ్లింది. వాళ్ల అత్త నాకు జొన్న జావ ఇచ్చి పక్కన కూర్చుంది. ఇంటి పక్కన నడుమెత్తు రాళ్ల కుప్ప ఉంది. అన్నీ దాదాపు ఒకే సైజు. ఎందుకని అడిగాను.

“ఇల్లొస్తదంట గద. లిస్టుల పేరున్నది. వాగుల కెళ్లి నేనే తెస్తున్న, దినానికి రెండు” అంది ఆమె. పునాదికి. ఏడాదిగా.

ఆ ఫారంలో తొమ్మిదో గడి నాకు గుర్తొచ్చింది. దరఖాస్తుదారు పేరున సొంత ఇల్లు ఉన్నదా? ఆ గడిలో నా గుండ్రటి అక్షరాలతో “లేదు” అని రాసింది నేనే. రేపు మా ఇల్లు ఈ పిల్ల పేరున ఎక్కితే, ఆ మాట అబద్ధమవుతుంది. లిస్టులోంచి పేరు పోతుంది. ఆ రాళ్లు అక్కడే ఉంటాయి. అంత లావు పుస్తకం చదివినదాన్ని, నా చేత్తో రాసిన ఒక్క మాట మర్చిపోయాను.

తను కార్డు పట్టుకుని బయటికి వచ్చింది. నాకు ఇవ్వబోతే నేను తీసుకోలేదు.

“ఇల్లు పోతదని నీకు తెల్సా?” అన్నాను.

“తెల్సక్కా.”

“మరి ఏమనలేదేంది?”

తను రాళ్ల వైపు కాకుండా నా వైపే చూసింది. “ఎన్నిసార్లు మోసిన నీ సంచులు? మాకు గుడిసన్న ఉన్నది. నీకదిగూడ లేకపాయె.”

వాళ్ల అత్తకు మా మాటల వెనక సంగతి అర్థమైందో లేదో తెలియదు. గ్లాసులో ఇంకొంచెం జావ పోసింది. నేను తాగాను. ఏడుపు వస్తున్నప్పుడు తాగడానికి ఏదైనా ఉండటం మంచిది.

తిరుగు బస్సు కూడా మా ఆయనదే. టికెట్లు కొట్టుకుంటూ నా సీటు దగ్గరికి వచ్చి, కార్డు తెచ్చినవా అని అడిగాడు. లేదన్నాను. బస్సు నిండా జనం ఉన్నారు, అయినా రాళ్ల సంగతి అక్కడే చెప్పాను. ఆయన చాలాసేపు టికెట్ల పెట్టె సర్దుకున్నాడు. ఆ జామచెట్టు ఆయనకూ నచ్చింది.

“గట్లనా. అయితే మళ్ల కిరాయిల్లు చూడాలె” అన్నాడు చివరికి. విజిల్ వేసి ముందుకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంటి మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన గురించి నేను చెప్పుకోగలిగిన మంచి మాటల్లో అది ఒకటి.

ఆరో ఇంటికి కూడా సంచులు మోయడానికి తను వచ్చింది. వద్దంటే వినలేదు.

మా సొంత ఇల్లు ఇంకో మూడేళ్లకు, మా ఆయనకు సత్తుపల్లి బదిలీ అయ్యాక, ఏజెన్సీ హద్దు దాటి కొనుక్కున్నాం. జోరువానలో, మడమలు మునిగే బురదలో నిలబడి చూసి, కాగితాలన్నీ చదివి, నా పేరునే. అడిగినవాళ్లకు చెప్పేది ఈ కొనుగోలు గురించే. చివర ఆ ఒక్క మాట కలుపుతాను: ఇంకొకరి పేరు వాడుకోవాలనిపిస్తే, ముందు వాళ్ల ఇంటికి వెళ్లి రండి. కొందరు ఎందుకని అడుగుతారు, అప్పుడు ఇదంతా చెబుతాను.

ఆ కోయ అమ్మాయి వాళ్ల ఇల్లు మా ఇంటికంటే ముందే లేచింది. ఒక్క గది, ముందు చిన్న వసారా. పునాదిలో వాళ్ల అత్త తెచ్చిన రాళ్లన్నీ పట్టాయి, ఇంకా నాలుగు మిగిలితే పొయ్యికి పెట్టుకుంది. గృహప్రవేశం నాడు నేనూ మా ఆయనా వెళ్లాం. గోడలకు సున్నం ఇంకా పచ్చిగా ఉంది. భుజాన ఉన్న నా లైబ్రరీ పుస్తకాల సంచి ఎక్కడ తగిలించాలా అని చూస్తుంటే, తను సుత్తీ ఒక మేకూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

కొత్త గోడ పాడవుతుందన్నాను.

“కొట్టక్కా. నా గోడనే గద” అంది.

పెళ్లయినప్పటి నుంచీ అలవాటు లేని పని. మొదటి మేకు వంగిపోయింది, గోడకు చిన్న పెచ్చు ఊడింది. వాళ్ల అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తను ఇంకో మేకు ఇచ్చింది.